విపణి పంచాంగము: తప్పిన జోస్యమునకు నష్టమెవ్వరిది?

ఉగాదినాడు ఊరి గుడి మంటపమున పురోహితుడు పంచాంగ శ్రవణము చేయును. రాజెవరు, మంత్రి యెవరు, సస్యాధిపతి యెవరు, మేఘాధిపతి యెవరు అని చెప్పి, ధరలపై అధికారము గల అర్ఘాధిపతి యెవరో కూడ చెప్పును. రైతు తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని విని, తన నక్షత్రమునకు కందాయమున సున్న పడినచో ఒక నిట్టూర్పు విడిచి, మఱునాడు యథాప్రకారము పొలమునకు పోవును. జోస్యము ఫలించినచో సంతోషము. తప్పినచో పురోహితునిపై వ్యాజ్యము వేయువాడు లేడు. ఏలయన, ఆ మాటను నమ్మి రైతు మఱి రెండెకరములు కౌలునకు పట్టలేదు. ఇల్లాలి మెడలోని గొలుసు కుదువ పెట్టలేదు.

ఇప్పుడు లోకమునకు వేఱొక పంచాంగము వచ్చినది. వాషింగ్టన్ నగరమున నున్న అంతర్జాతీయ ద్రవ్యనిధి ఏటేట ఏప్రిల్, అక్టోబరు మాసములందు ప్రపంచార్థిక జాతకమును సమగ్రముగ ప్రకటించి, జనవరి, జూలై మాసములందు దానిని సవరించును. ప్రపంచ బ్యాంకు తన జాతకమును జనవరిలోను జూన్‌లోను వెలువరించును. పెద్ద పెట్టుబడి సంస్థలు డిసెంబరు ముగియకమునుపే రానున్న సంవత్సరమునకు విపణి ఫలములు చెప్పివైచును. ఈ పంచాంగమును విన్నవారు పురోహితుని మాట విన్న రైతువలె ఊరకుండరు. దానినిబట్టి అప్పులు పుట్టును, చెఱువులు తవ్వబడును, యంత్రాగారములు లేచును, ప్రభుత్వముల ఆయవ్యయ పట్టికలు కూర్పబడును. కావున ఈ జోస్యమును విచారించుట అవసరము. న్యాయస్థానములలో కాలము గడపు మాకు, సాక్షిని అడ్డుప్రశ్నలు వేయక విడుచుట అలవాటు లేదు.

1929 అక్టోబరులో యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు అర్వింగ్ ఫిషర్, ఆ కాలపు అర్థశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు, షేర్ల ధరలు ఇక దిగిరాని యున్నత పీఠభూమిని చేరినవని పలికెను. ఆ మాసము ముగియకుండగనే న్యూయార్కు విపణి కూలెను. 1932 జూలై నాటికి డౌ జోన్స్ సూచిక తన శిఖరమునుండి నూటికి 89 పాళ్లు నశించెను. 2007 ఏప్రిల్‌లో ద్రవ్యనిధి ఆ యేటను, మఱుసటి యేటను ప్రపంచోత్పత్తి 4.9 శాతము చొప్పున పెరుగునని చెప్పెను. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. 2009లో ప్రపంచోత్పత్తి పెరుగుటకు మాఱుగ తరిగెను. 2020 జనవరిలో ఆ సంవత్సరమునకు 3.3 శాతము వృద్ధి యని చెప్పిరి. మహమ్మారి వచ్చి సుమారు 3 శాతము క్షీణతను మిగిల్చెను. 2022 చివర పండితులలో అధికసంఖ్యాకులు మఱుసటి యేడు అమెరికాకు మాంద్యము తప్పదనిరి. 2023లో ఆ దేశము రెండున్నర శాతమునకు తగ్గక పెరిగెను.

ఇక 2025 సంవత్సరపు కథ వినదగినది. ఆ యేటి ప్రపంచ వృద్ధి జనవరిలో 3.3 శాతమనిరి. ఏప్రిల్‌లో అమెరికా సుంకములు ప్రకటింపబడగనే 2.8 అనిరి. జూలైలో 3.0 అనిరి. అక్టోబరులో 3.2 అనిరి. సాక్షి యొకడే, సంవత్సర మొకటే, వాఙ్మూలములు నాలుగు! ఇట్టి సాక్ష్యముపై ఏ మునసబైనను పది రూపాయల దావాకు డిక్రీ ఇచ్చునా?

ద్రవ్యనిధి పండితులను అబద్ధీకులనుట మా యుద్దేశము కాదు. పరిస్థితి మారినప్పుడు లెక్క మార్చుట పండితధర్మమే. రోగమును, యుద్ధమును, ఒక దేశాధ్యక్షుని చిత్తవృత్తిని ముందుగ గణించు శాస్త్రము లేదు. తమ గ్రంథములలో వారు షరతులను, అపాయములను విస్తరించియే వ్రాయుదురు. దోషము వేఱొక చోట నున్నది. షరతులను విడిచి, దశాంశ బిందువును మాత్రము దైవవాక్కువలె మోసికొనివచ్చి ఊరూర అమ్ము దళారులది మొదటి దోషము. ఆ సంఖ్యపై విధానములను కట్టి, అది తప్పినప్పుడు భారమును ఎవరి వీపున మోపవలెనో ఆలోచింపని ప్రభుత్వములది రెండవ దోషము.

కావున రానున్న సంవత్సరమును గూర్చి మనము అడుగవలసిన ప్రశ్న, లోకము 3 పాళ్లు పెరుగునా, మూడుంబావు పాళ్లు పెరుగునా యనునది కాదు. జోస్యము తప్పినప్పుడు నష్టమెవ్వరు భరింతురు? ఇదియే ప్రశ్న. తక్కినదంతయు వినోదము.

ముందుగ ఈ విపణి పంచాంగమునకు నాయకులెవరో చూతము. రాజు డాలరు వడ్డీ. 2022 మార్చిలో సున్నకు చేరువనుండిన ఈ వడ్డీని అమెరికా కేంద్ర బ్యాంకు 2023 జూలై నాటికి అయిదున్నర శాతము వఱకు ఎత్తెను. రాజు కనుబొమ లెత్తినప్పుడెల్ల బీద దేశములనుండి ధనము వాషింగ్టన్ దిక్కునకు ప్రవహించును. డాలరునకు 80 రూపాయల గీటును మన రూపాయి 2022లో దాటెను; 90 రూపాయల గీటును 2025 డిసెంబరులో దాటెను. అర్ఘాధిపతి ముడి చమురు. మనము వాడు చమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తగనే పీపా ధర 120 డాలర్లు దాటెను. ఆ ఏప్రిల్ మాసాంతమున ఇండోనీషియా పామాయిలు ఎగుమతిని నిషేధింపగా, మూడు వారములపాటు మన గృహిణులు నూనె డబ్బా ముందు నిలిచి లెక్కలు వేసికొనిరి. సేనాధిపతి అమెరికా సుంకము; వాని సంగతి ముందు చెప్పెదము.

నాలుగవవాడు చైనా కర్మాగారము. 2025లో ఆ దేశపు వాణిజ్యపు మిగులు మొట్టమొదటిసారి లక్ష కోట్ల డాలర్లను దాటెను. అమెరికా తలుపు మూసిన సరకు సముద్రములో మునిగిపోదు. మఱొక రేవు వెదకికొనును. మన చిన్న పరిశ్రమలకు ఇది హెచ్చరిక. అయిదవవాడు కృత్రిమ మేధ పేర లేచిన షేర్ల ఉబ్బు. ఎన్విడియా యను ఒక్క సంస్థ షేర్ల మొత్తపు వెల 2025 అక్టోబరులో 5 లక్షల కోట్ల డాలర్లకు చేరెను. ఇది పీఠభూమియే గాని శిఖరము కాదని చెప్పువారు ఇప్పుడును గలరు. ఫిషర్ కూడ అట్లే చెప్పెను. హైదరాబాదునందును, సముద్రము కావలను లక్షల తెలుగు బిడ్డలు ఈ కంప్యూటరు విద్యనే జీవనాధారముగ నెంచుకొని యున్నారు. 2025 సెప్టెంబరు 19న వెలువడిన ఒక్క ప్రకటనతో, అమెరికాలో వారి కొలువునకు కావలసిన క్రొత్త అనుమతి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధింపబడెను. ఏ జాతకమున నుండెను ఈ గ్రహచారము?

ఈ యైదుగురు నాయకులలో ఒక్కరినైనను మనము ఎన్నుకొనలేదు. వారి దశ మారినప్పుడు మాత్రము మన యింటి కందాయము మారును.

ఇది క్రొత్త కథ కాదు. 1927లో రూపాయి మారకపు విలువను 1 షిల్లింగు 6 పెన్నీలుగ శాసనముచేత నిర్ణయించిరి. 1 షిల్లింగు 4 పెన్నీలే న్యాయమని మన నాయకులు వాదించిరి. ఏలయన రూపాయి బరువెక్కిన కొలది రైతు పంటకు వచ్చు రూపాయలు తగ్గును. వినినవారు లేరు. 1929 తరువాత లోకమున ధరలు కూలగా వడ్ల ధర సగమునకు సగము పడిపోయెను. కాని శిస్తు సగము కాలేదు. షావుకారు వడ్డీ సగము కాలేదు. కృష్ణా గోదావరి మండలముల రైతులు శిస్తు పెంపును ఎదిరించి ఆందోళనము సలుపవలసివచ్చెను. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు ప్రమాణమును విడిచెను. అటుపిమ్మట మన యాడువారి మెడలనుండి, చేతులనుండి దిగిన బంగారము ఓడలెక్కి లండను చేరెను. లెక్కలు వ్రాయువారు దానిని దేశమునకు ఎగుమతి లాభమని వ్రాసికొనిరి. ఇంటనున్న నగ అమ్ముకొని అప్పు తీర్చుట లాభమగునా?

రైతునకు ఋణోపశమనము చట్టరూపమున వచ్చినది 1938లో. మద్రాసు వ్యవసాయకుల ఋణవిముక్తి చట్టము వచ్చునప్పటికి ధరలు కూలి ఎనిమిది తొమ్మిదేండ్లు గడచెను. వచ్చిన పిమ్మటనైనను, 'వ్యవసాయకుడు' అను పదమునకు అందు ఇచ్చిన నిర్వచనములో ఎవరు చేరుదురు, ఎవరు చేరరు అని కోర్టులలో ఏండ్లతరబడి వాదములు నడచెను. ఉపశమనము చట్టము పేరులో నుండదు, నిర్వచనములో నుండును. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను; దానితో మనకు వెంటనే పని గలదు.

రొయ్యల సంగతి చూడుడు. 2024-25లో మన దేశపు సముద్రోత్పత్తుల ఎగుమతి 62 వేల కోట్ల రూపాయలు దాటెను. అందు అధికభాగము గడ్డకట్టించిన రొయ్య; దానిని అందఱికంటె ఎక్కువగ కొనునది అమెరికా; దానిని అందఱికంటె ఎక్కువగ పండించునది ఆంధ్రప్రదేశము. భీమవరము మొదలు నెల్లూరు వఱకు వరిచేలు చెఱువులైనవి. లోక విపణి వృద్ధి పొందునని చెప్పినవారి మాటయే ఆ చెఱువులకు పునాది. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన సరకుపై 26 శాతము సుంకమును ప్రకటించెను. వారము తిరుగక ముందే, 9న, పది శాతము మాత్రము నిలిపి తక్కినది వాయిదా వేసెను. ఆ వారములోనే మన చెఱువు గట్టున కిలో ధర దిగెను. ముఖ్యమంత్రి కేంద్రమునకు లేఖ వ్రాయవలసినంత వేగముగ దిగెను. పరదేశపు రేవులో సుంకము వసూలు కాకమునుపే మన గట్టున వసూలైనది! పిదప ఆగస్టు 7న 25 శాతము, 27న మఱొక 25 శాతము, మొత్తము 50 శాతము అమలునకు వచ్చెను. పూర్వమునుండి యున్న ఇతర సుంకములు దానిపై అదనము.

రైతు ఏమి చేయగలడు? రొయ్య ధాన్యము కాదు, గాదెలో పోసి ధర వచ్చు వఱకు కాచుటకు. మూడు నాలుగు మాసములలో పట్టుబడి చేసి తీరవలెను. నిలిపినకొలది మేత తినును, విద్యుచ్ఛక్తి తినును. తెల్లమచ్చ తెగులు సోకినచో రాత్రికి రాత్రి చెఱువంతయు పోవును. కొనువాడు ఆగగలడు, అమ్మువాడు ఆగలేడు. బేరములో ఓడుటకు ఇంతకన్న వేఱు కారణము కావలయునా?

అటుపై ఉపశమనము వచ్చెను. 2025 నవంబరు 12న కేంద్రప్రభుత్వము ఎగుమతుల ప్రోత్సాహమునకు 25,060 కోట్ల రూపాయల పథకమును, ఎగుమతిదారుల అప్పులకు 20 వేల కోట్ల మేర పూచీని అంగీకరించెను. 14న రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వఱకు కట్టవలసిన వాయిదాలకు గడువు నిచ్చు ఉత్తరువు చేసెను. మంచిదే, మేము దానిని తప్పుపట్టము. కాని నిర్వచనము చదువుడు. గడువు ఎగుమతిదారునకు, అందును బ్యాంకులో ఎగుమతి ఋణము నడుచుచున్న వానికి. చెఱువు తవ్వినవాడు ఎగుమతిదారుడు కాడు. గట్టున అమ్మినంతనే అతని సరకు పరుని సరకు. మేత దుకాణములో అరువు, కౌలు బాకీ, చేబదుళ్లు ఏ బ్యాంకు ఉత్తరువునకును లోబడవు. సుంకపు నష్టమును ఎగుమతిదారుడు ధర తగ్గించి రైతుపైకి నెట్టగలడు. ఉపశమనమును రైతువఱకు పంపుమని అతనిని నిర్బంధించు వాక్యము ఆ ఉత్తరువులలో లేదు. నష్టము పల్లమునకు పారును, ఉపశమనము మెరకన నిలుచును. ఇదియేనా ధర్మము?

పత్తి సంగతి ఇంతకన్న వింత. అమెరికా సుంకముచే దెబ్బతిన్న బట్టల మిల్లులకు తోడ్పడుటకై, పరదేశపు పత్తిపైనున్న 11 శాతము దిగుమతి సుంకమును 2025 ఆగస్టు 19 నుండి ఎత్తివేసిరి. ముందు సెప్టెంబరు 30 వఱకు అనిరి. పిదప డిసెంబరు 31 వఱకు పొడిగించిరి. ఆదిలాబాదునందు, వరంగల్లునందు, గుంటూరునందు మన పత్తి ఇంటికి వచ్చు మాసములు సరిగా అవియే గదా! పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు మద్దతు ధరయని కాగితముపై నుండెను. బజారు ధర దానికి దిగువన నడచెను. ప్రభుత్వ సంస్థ కొనుగోలు కేంద్రమునకు పోయినచో తేమ 12 శాతమునకు మించరాదు. ఫోను యాపులో ముందుగ నమోదు కావలెను. ఆ యేటి తడిపత్తికి ఈ షరతులు ఉరిత్రాళ్లైనవి. దూరదేశమున ఒక పాలకుడు మిల్లును కొట్టగా, మన ప్రభుత్వము మిల్లు గాయమునకు కట్టు కట్టుటకు రైతు పంచె చింపెను.

దీనికి ఒక సమాధానము చెప్పువారు గలరు. అమెరికా తలుపు మూసినను మన ఎగుమతిదారులు చైనాలో, వియత్నాములో, ఐరోపాలో క్రొత్త బేరములు చూచుకొనిరి, సముద్రోత్పత్తుల వ్యాపారము కూలిపోలేదు, విపణి తన గాయమును తానే మాన్పుకొనును, అందురు. వ్యాపారము కూలలేదనుట సత్యము. ఎగుమతిదారుల చాకచక్యమును మేము మెచ్చుకొందుము. కాని గాయము మానుటకు పట్టిన కాలమున నెత్తురు కార్చినదెవరు? సంవత్సరాంతమున చూచు పట్టికకు, ఏప్రిల్‌లో కిలోకు తగ్గిన రూపాయలు కనబడవు. సగటు బాగుండెనని, ఆ వారమున తెగనమ్ముకొన్న రైతునకు ఎవరైనను సొమ్ము వాపసు ఇత్తురా? ఏటి సగటు లోతు మోకాలిబంటి యని విని దిగినవాడు సుడిగుండములో మునిగినచో, సగటు తప్పుకాదని వాదించుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

మఱికొందఱు, అయినచో తలుపులు మూసికొని కూర్చుండమందురా యని మమ్ము అడుగుదురు. అట్లనము. లోకముతో వ్యాపారము లేనిచో ఆ చెఱువులే లేవు. గుంటూరు మిర్చికి ఆ పేరే లేదు. పరదేశముతో బేరమాడుట పరాధీనత కాదు. బేరము చెడినప్పుడెల్ల ఒక్క వర్గమే నష్టము మోయునట్లు ఏర్పాటు చేసికొనుట పరాధీనత. స్వరాజ్యమనగా ఢిల్లీలో మన జెండా యెగురుట మాత్రమే కాదు. వాషింగ్టన్‌లో గాలి వీచినప్పుడు కైకలూరులో ఇల్లు కూలకుండుట కూడ.

కావున రానున్న సంవత్సరమునకు మా కోర్కెలు నాలుగు. మొదటిది: పరదేశపు సుంకముల కారణముగ ఇచ్చు ప్రతి ఉపశమనములోను 'బాధితుడు' అను పదము సరకును పండించినవానిని, అతడు కౌలుదారుడైనను, చేర్చికొనవలెను. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కౌలు పత్రమునకు భూస్వామి సంతకము కావలెను. ఆ సంతకము దొరకని వేలమంది సాగుదారులు చట్టము కంటికి కనబడరు; సాగు చేయుచున్న నిజమునకు గ్రామస్థుల సాక్ష్యము చాలునని సవరింపవలెను. రెండవది: ప్రభుత్వము ఒక వర్గమును కాపాడుటకు దిగుమతి సుంకమును మార్చినచో, దానిచే నష్టపడు వర్గమునకు పరిహారము అదే ఉత్తరువులో, అదే దినమున ప్రకటింపవలెను. మూడవది: చెఱువు గట్టున, మార్కెట్టు యార్డున జరిగిన ధరలను, ఎగుమతిదారుడు పొందిన ధరలను ప్రతి వారమును ప్రక్కప్రక్కన ప్రచురింపవలెను. వెలుతురులో దొంగబేరము సాగదు. నాలుగవది: మన రొయ్యను మన జనులు తినుటకు కావలసిన శీతల గిడ్డంగులు, అంగళ్లు ఏర్పడవలెను. ఒక్క దేశపు భోజనపు బల్లపై ఆధారపడిన పంట, ఆ దేశపు కోపమునకు బందీ.

రైతు సోదరులకు ఒక్క మాట. లోకమెంత శాతము పెరుగునో విని చెఱువు పెంచకుడు. ధర నాల్గవ వంతు పడినచో నా అప్పు తీరునా యని ముందు లెక్క చూచుకొనుడు; తీరదని తేలినచో ఎకరములు తగ్గించుడు. పదిమంది కలసి మేత కొనుడు, పదిమంది కలసి అమ్ముడు. ఒంటరిగ గట్టున నిలిచినవానికి దళారి చెప్పినదే ధర.

రానున్న జనవరిలోను, ఏప్రిల్‌లోను విపణి పంచాంగము మరల వచ్చును. దశాంశ బిందువు ఒకటి ఎక్కును, ఒకటి దిగును. దానిని చదువుటకు మాకు అభ్యంతరము లేదు. కాని అది చదువు ప్రతి మంత్రిని, ప్రతి బ్యాంకు అధికారిని, ప్రతి వ్యాపార పత్రికను ఒకటే అడుగుదము: అయ్యా, ఈ సంఖ్య తప్పినచో కట్టునదెవరు? దానికి సమాధానము చెప్పగలిగిన నాడు మీ జోస్యము వినుటకు తీరికగ కూర్చుండెదము.